మదర్‌బోర్డు పోయిందంటున్నారు, మార్చాలా?

ప్రశ్న: మాది దేవరకొండ, చిన్న ఫొటో స్టూడియో ఉంది. మొన్న ఉరుముల వాన పడ్డ రాత్రి నుంచి సిస్టమ్ ఆన్ కావట్లేదు. ప్రాసెసర్ ఐ5 థర్డ్ జనరేషన్, 8 జీబీ ర్యామ్. షాపులో మదర్‌బోర్డు పోయింది, కొత్తది 6,500 అవుతుందన్నారు. సికింద్రాబాద్‌లో కనుక్కుంటే 2,500కే ఇస్తామంటున్నారు. ఇంత తేడా ఏంటి? పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఫొటోలు ఉండేది హార్డ్‌డిస్క్‌లో, బోర్డు పోయినంత మాత్రాన అవి పోవు. ముందు ఆ డిస్క్ విప్పించి మీ దగ్గర పెట్టుకోండి, వేరే సిస్టమ్‌కి తగిలించి కాపీ తీసుకోండి. మిగతాదంతా ఆ తర్వాతే.

అసలు బోర్డే పోయిందని ఎలా తేల్చారో అడగండి. కరెంటు ఒక్కసారిగా ఎగిసినప్పుడు చాలాసార్లు ముందు దెబ్బ తినేది ఎస్‌ఎంపీఎస్, అంటే సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా, అది వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది, కాబట్టి పనిచేసే ఇంకో ఎస్‌ఎంపీఎస్ మీ ఎదురుగానే పెట్టి చూడమనండి. అప్పటికీ చలనం లేకపోతే బోర్డుని వెలుతురులో చూడండి. ప్రాసెసర్ పక్కన గుండ్రంగా నిలబడి ఉండే కెపాసిటర్ల తల చదునుగా ఉండాలి, ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా అనుమానం బోర్డు మీదే. ఇంటర్నెట్ వైరు పెట్టే లాన్ పోర్టు దగ్గర నల్లబడిందేమో కూడా చూడండి. వానొస్తే అందరం ప్లగ్ తీస్తాం గానీ ఇంటర్నెట్ వైరు అలాగే వదిలేస్తాం, పిడుగు దాని గుండా కూడా వస్తుంది.

ఇక ధర. మీ ప్రాసెసర్ కూర్చునేది 1155 సాకెట్‌లో. 6,500 అన్నది బహుశా హెచ్610 అనే కొత్త రకం బోర్డు అయి ఉంటుంది, దాని సాకెట్ 1700. అందులో మీ ఐ5 పట్టదు, డీడీఆర్3 అనే మీ పాత రకం ర్యామ్ కూడా ఎక్కదు, ఎందుకంటే ర్యామ్ గాడి ఉండే చోటే వేరు. అంటే ప్రాసెసర్, ర్యామ్ కూడా కొనాలి, లెక్క 20,000 దగ్గరికి పోతుంది, షాపువాళ్లు ముందే చెప్పాల్సిన మాట ఇది. 2,500ది హెచ్61 రకం అయ్యుండాలి. హెచ్61 అనేది బోర్డు మీది ముఖ్యమైన చిప్‌సెట్ పేరు, ఇంటెల్ దాన్ని తెచ్చింది 2011లో. పేరున్న కంపెనీలు ఇప్పుడు ఆ బోర్డులు చేయట్లేదు, పేరు వినని బ్రాండ్లే వస్తున్నాయి. కానీ మీ ప్రాసెసర్, ర్యామ్ రెండూ అందులో పనికొస్తాయి.

ప్రింట్లు, చిన్న చిన్న ఎడిటింగ్ వరకే అయితే ఏడాది వారంటీ రాసిన బిల్లుతో 2,500దే తీసుకోండి. ఆల్బమ్ డిజైన్లు రోజూ చేస్తుంటే మాత్రం నేను దాని మీద డబ్బు పెట్టమనను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో 8వ జనరేషన్ కంటే పాతవాటిని దాదాపు వేటినీ అధికారికంగా ఒప్పుకోదు. కొంచెం ఆగి డబ్బు కూడబెట్టుకుని మొత్తం సెట్ మార్చడమే నయం.

ఏది కొన్నా డబ్బు ఇచ్చేముందు సాకెట్ మీది మూత తీయించి ఆ సన్నటి పిన్నులు చూడండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఒక్కటి వంగి ఉన్నా తర్వాత వారంటీ ఇవ్వరు.