మెదడులో ‘గ్రాహకులు’ ఎవరు?

సందేహం: మా అమ్మాయి బెంగళూరులోనే న్యూరోసైన్స్‌లో పరిశోధన చేస్తోంది. తన పనేమిటో ఊళ్ళో ఉన్న తాతగారికి తెలుగులో రాద్దామని కూర్చుని ఇలా రాశాను: ‘అభివృద్ధి చెందుతున్న మెదడు నాడీకణాలలో కానబినాయిడ్ గ్రాహక సంకేతీకరణ ఆక్సాన్ల పెరుగుదలను ప్రభావితం చేస్తుంది.’ చదివి వినిపిస్తే పక్కింటి కన్నడావిడ ‘మెదడులో గ్రాహకరు ఎవరండీ?’ అని నవ్వేశారు. ‘గ్రాహకం’ తప్పా? పోనీ ‘గంజాయి గ్రాహకం’ అంటే సులువుగా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

సమాధానం: గ్రాహకం (కణం మీద ఉండి రసాయనాన్ని అందుకునేది, ఇంగ్లీషులో రిసెప్టర్) తప్పు కాదమ్మా. ఆవిడ నవ్వడమూ తప్పు కాదు. కన్నడంలో గ్రాహకరు అంటే కొనుగోలుదారులు, బ్యాంకులో అయితే ఖాతాదారులు. ‘ప్రియ గ్రాహకరే’ అంటూ మీ ఫోన్‌కీ మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. తెలుగులో మనిషైతే గ్రాహకుడు, వస్తువైతే గ్రాహకం. ఆ చివర ఉన్నంతసేపూ గొడవ లేదు. సమాసంలో పడగానే అది ఊడిపోయి ఉత్త ‘గ్రాహక’ మిగులుతుంది. చిక్కంతా అక్కడే. మాట మార్చకండి, సమాసం విప్పండి.

విప్పితే ఇంకో సంగతి బయటపడుతుంది. ‘ఈకరణ’ చేరితే, అలా లేనిదాన్ని అలా చేయడమని అర్థం. ప్రైవేటుది కానిదాన్ని ప్రైవేటు చేస్తే ప్రైవేటీకరణ. ఆ లెక్కన సంకేతీకరణ అంటే విషయాన్ని సంకేతంగా మార్చడం, అంటే కంప్యూటర్ వాళ్ళ ఎన్‌కోడింగ్. ఇక్కడ జరిగేది వేరు. రసాయనం గ్రాహకానికి తగులుకుంటే కణం లోపల మార్పులు మొదలవుతాయి. ‘సంకేతం అందడం’ అంటే చాలు. తాతగారికైతే ‘కబురు అందడం’ ఇంకా నయం.

‘గంజాయి గ్రాహకం’ మాత్రం వద్దు. మనవరాలి చదువు గురించి పెద్దాయన ఏమనుకుంటారో ఆలోచించండి! పైగా అది నిజమూ కాదు. గంజాయిలో మత్తునిచ్చే రసాయనమైన టీహెచ్‌సీని 1964లో వేరు చేశారు. అది మెదడులో పట్టుకునే సీబీ1 గ్రాహకం జన్యువు 1990లో దొరికింది. మెదడు తనంతట తానే తయారుచేసుకునే పదార్థం ఆ తర్వాత, 1992లో బయటపడింది. జెరూసలేంలో రసాయన శాస్త్రవేత్త మెషూలమ్ బృందం దాన్ని పంది మెదడు నుంచి తీసి, మన ‘ఆనంద’ శబ్దంతోనే ఆనందమైడ్ అని పేరు పెట్టింది. (కాబట్టి దీర్ఘంతోనే రాయండి, ‘అనాండమైడ్’ అక్కర్లేదు.) గ్రాహకం ఒంటి సొంతం, ‘కానబినాయిడ్’ అన్న పేరే గంజాయి మొక్క శాస్త్రీయనామం ‘కానబిస్’ నుంచి వచ్చింది.

‘అభివృద్ధి చెందుతున్న’ అన్నది దేశాలకు వదిలేద్దాం. మెదడు ఎదుగుతుంది. ఇక ‘ప్రభావితం చేస్తుంది’ కనబడితే, రాసినవాళ్ళు అసలు సంగతి దాటేశారని నాకు అనుమానం. ఏం ప్రభావం? పిండదశలో నాడీకణం ఆక్సాన్ అనే పోగును చాస్తుంది. దాని కొస కాకరపాదు నులితీగలా అటూ ఇటూ తడుముకుంటూ పోతుంది. ఆ కొసన సీబీ1 గ్రాహకాలుంటాయి. ఎలుకల మెదడులోని కొన్ని రకాల నాడీకణాల మీద చేసిన ప్రయోగాల్లో, ఈ గ్రాహకాలకు తగులుకునే రసాయనాలు సోకిన కొస ముడుచుకుని పక్కకు తప్పుకుంది. గర్భిణి గంజాయి తీసుకుంటే టీహెచ్‌సీ మావి దాటి బిడ్డ మెదడులోని ఇవే గ్రాహకాలను చేరుతుంది. అందుకే ఈ పరిశోధనకు అంత పట్టింపు.

ఇలా రాసి చూడండి: ‘మెదడు ఎదిగేటప్పుడు, నాడీకణం చాచే ఆక్సాన్ కొసన కానబినాయిడ్ గ్రాహకాలు ఉంటాయి. వాటికి కబురు అందితే ఆక్సాన్ దారి మార్చుకుంటుంది.’ ఒక వాక్యం రెండయింది, పర్వాలేదు. మీ అమ్మాయి చూసేది మెదడులో ఏ భాగపు కణాలో అడిగి మూడోది కలపండి.