చేయి విరిగి నాలుగు నెలలైంది, మణికట్టు లేవట్లేదు.. ఇంకెన్నాళ్లు ఆగాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయనకి 31 ఏళ్లు, వెల్డింగ్ షాపు ఉంది. నాలుగు నెలల కింద బైక్ మీంచి పడి కుడి దండచెయ్యి ఎముక మధ్యలో విరిగితే ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది గానీ పడ్డ రోజు నుంచీ మణికట్టు వాలిపోయే ఉంది, వేళ్లు లేవట్లేదు. అడిగితే అదే వస్తుంది ఆగండి అంటున్నారు, బి12 మాత్రలు వాడుతున్నాం. ఆపరేషన్ చేయించాలా?
– ఓ సోదరి, సూర్యాపేట

జవాబు: అమ్మా, ఇన్నాళ్లు ఆగమనడం తప్పేం కాదు, కానీ ఇక ఊరికే ఆగొద్దు. రేడియల్ నర్వ్ అని ఒకటి (రక్తనాళాన్నీ దీన్నీ మనం నరమనే అంటాం, ఇది కండరాలకి కబురు మోసేది) ఆ ఎముకని ఆనుకునే చుట్టుకుని దిగుతుంది, అందుకే అక్కడ విరిగితే ముందు దెబ్బ దానికే. చాలామందిలో అది పూర్తిగా తెగదు, బోరు కేబుల్ మీద ట్రాక్టర్ ఎక్కినట్టు పైతొడుగు బాగానే ఉండి లోపలి తీగలు పోతాయి, అవి రోజుకి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతాయి. దెబ్బ తగిలిన చోటు నుంచి మోచేతి దగ్గర మొదటి కండరానికి ఓ 10 సెంటీమీటర్లనుకోండి, 100 రోజులు, పెరగడం మొదలవడానికి ఇంకో నెల కలుపుకున్నా మీ గడువు దాదాపు అయిపోయింది.

ఇంట్లో ఒకటి చూడండి. గ్లాసు పట్టుకున్నట్టు బొటనవేలు పైకి పెట్టి మోచెయ్యి మడవమనండి, మీరు ముంజేతిని కిందికి నొక్కండి, మోచేతి దగ్గర బొటనవేలి వైపు కండ పొంగితే నరం అక్కడిదాకా వచ్చినట్టే, ఇంకొన్నాళ్లు ఆగొచ్చు. పొంగకపోతే ఈ వారమే నర్వ్ కండక్షన్, ఈఎంజీ (నరంలో కబురు పోతోందా, కండరానికి అందుతోందా అని కరెంటుతో చూసే టెస్టులు) చేయించండి, దెబ్బ తగిలిన మొదటి మూడు వారాల్లో అయితే ఈ టెస్టు సరిగ్గా చెప్పదు, ఇప్పుడు బాగా చెప్తుంది. నరం తెగిందా, ప్లేటు కింద ఇరుక్కుందా అన్నది అల్ట్రాసౌండ్‌లో చాలావరకు తెలుస్తుంది. అన్నట్టు ప్లేటు వేసేటప్పుడు నరం కంటికి కనిపించిందా, బాగానే ఉందా అన్నది ఆపరేషన్ నోట్స్‌లో రాసి ఉండొచ్చు, అది అడిగి తెచ్చుకోండి, చాలామంది అడగరు.

ఈఎంజీలో నరం తిరిగొస్తున్న జాడ ఏమీ లేకపోతే తెరిచి చూడాల్సిందే. చుట్టూ మచ్చకణజాలం (గాయం మానేటప్పుడు ఏర్పడే గట్టి కణజాలం) పట్టేసి ఉంటే విడదీస్తారు, తెగి గడ్డ కట్టి ఉంటే ఆ గడ్డ కోసేసి కాలి పిక్క వెనక నుంచి సూరల్ అనే నరం తీసి మైక్రోస్కోప్ కింద వెంట్రుకకన్నా సన్నటి దారంతో అతుకుతారు. పాదం బయటి అంచున కాస్త మొద్దుబారుతుంది, నడకకి ఇబ్బందుండదు. ఆర్నెల్లలోపు చేస్తే మంచిది, ఏడాది ఏడాదిన్నర కబురు అందని కండరం తర్వాత నరం వచ్చినా పలకదు. అప్పుడు కూడా దారి ఉంది, అరచేతి వైపు పనిచేసే స్నాయువుల్ని (కండరాన్ని ఎముకకి కట్టే తాళ్లని) మళ్లించి మణికట్టు లేపే ఆపరేషన్ చేస్తారు, చేతిపని మీద బతికేవాళ్లకి నేనైతే దాన్ని తక్కువ చెయ్యను.

బి12 తెగిన నరాన్ని అతకదమ్మా. దానికన్నా మణికట్టుని లేపి ఉంచే కాక్-అప్ స్ప్లింట్ ముఖ్యం, రోజూ రెండో చేత్తో వేళ్లు పూర్తిగా చాపించండి, బిగుసుకుపోతే నరం వచ్చినా లాభం లేదు. బొటనవేలి వెనక స్పర్శ ఉండదు కాబట్టి షాపులో నిప్పురవ్వ పడ్డా తెలీదు, గ్లౌజు లేకుండా కూర్చోనివ్వకండి. నరాల మైక్రోసర్జరీ చేసే ప్లాస్టిక్ లేదా హ్యాండ్ సర్జన్‌కి చూపించండి, హైదరాబాద్ నిమ్స్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది, వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు కూడా పట్టుకెళ్లండి.