మూడు పాలా, మూడు పాళ్లా?

సందేహం: అమోనియా తయారీ పాఠంలో "నత్రజని ఒక పాలు, హైడ్రోజన్ మూడు పాలు" అన్నాను. తరగతంతా ఒకటే నవ్వు. వెనక బెంచీవాడు "అర లీటరా సార్, లీటరా?" అని అడిగాడు. నిష్పత్తి చెప్పేటప్పుడు 'పాలు' అనకూడదా? (రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, కొల్లాపూర్)

సమాధానం: అనవచ్చు. పిల్లలు నవ్వింది మాటను చూసి కాదు, మీ బహువచనాన్ని చూసి. తాగే పాలు ఎప్పుడూ బహువచనమే: పాలు పొంగాయి, పాలు విరిగాయి. వాటా అనే పాలు ఏకవచనం: ఒక పాలు, రెండు పాళ్లు, మూడు పాళ్లు. "మూడు పాళ్లు" అని ఉంటే లీటరు ప్రసక్తే వచ్చేది కాదు. విభక్తి చేరినా రెండూ కలవవు. చెంబు పాలచెంబు, దేవుడు నా పాలి దేవుడు.

ఈ 'పాలి' దగ్గర కాసేపు ఆగనివ్వండి. మొసలి నోట చిక్కిన ఏనుగు చేత పోతన అనిపించిన మాట "కలుగఁడే నా పాలికలిమి సందేహింప". కలడో లేడో అని అంతసేపూ తర్కించిన ఏనుగు ఇక్కడ తన వంతు అడుగుతోంది. అందరికీ ఉన్నవాడు నా పాలికి మాత్రం లేకపోతాడా అని. దయ అడగడం వేరు, పాలు అడగడం వేరు. ఈ రెండో గొంతు పోతన ఏనుగుకే ఉంది. మన పల్లెల్లో ఆస్తిలో వాటా ఉన్న దాయాదులను ఇప్పటికీ పాలోళ్లనే అంటారు. మైల పట్టేదీ వాళ్లకే. తమిళంలో పాల్ అంటే పాలూ, భాగమూ. తిరుక్కురళ్ మూడు భాగాల పేర్లూ 'పాల్'తోనే ముగుస్తాయి. కన్నడిగులు తాగేదాన్ని హాలు చేసుకుని వాటాను పాలుగానే ఉంచుకున్నారు. వాళ్ల తరగతిలో ఈ నవ్వు పుట్టదు. నీళ్లపాలు, దొంగలపాలు అయింది అనడంలో ఉన్నది కూడా ఈ వాటా పాలే.

రసాయన చర్యలో ఏది ఎన్ని పాళ్లు కలుస్తుందో లెక్కగట్టే పద్ధతికి స్టాయికియోమెట్రీ అన్న పేరు 1792లో జర్మన్ రసాయనవేత్త రిక్టర్ పెట్టింది. గ్రీకులో మూలకం, కొలత అనే రెండు మాటలు అతికించాడు. మన పుస్తకాలు దాన్ని ఉన్నదున్నట్టు దించుకున్నాయి, దించుకోనివ్వండి. నాకు కోపమల్లా "వన్ ఈజ్ టు త్రీ" మీద. తెలుగు మీడియం పిల్లవాడు కూడా 1:3ని అలాగే చదువుతున్నాడు. పాలమూరు మేస్త్రీని అడగండి, "ఒకటికి ఆరు" అంటాడు. సిమెంటు ఒక తట్ట, ఇసుక ఆరు తట్టలు, మాలు తయారు. ఆ 'కి'లో నిష్పత్తి మొత్తం ఇమిడిపోయింది. నత్రజని ఒకటికి హైడ్రోజన్ మూడు అంటే ఏం తక్కువైంది?

అయితే ఒక మెలిక ఉంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. మేస్త్రీ తట్టతో కొలుస్తాడు, తూకం వేయడు. మీ ఒకటికి మూడు కూడా అణువుల లెక్కే, వాయువులు గనుక ఘనపరిమాణం లెక్క కూడా. తూకంలో అది 28 గ్రాములకు 6 గ్రాములు. నాలుగు పాళ్లు కలిపితే అమోనియా రెండు పాళ్లే వచ్చిందేమని ఆ వెనక బెంచీవాడే అడుగుతాడు చూడండి. పాళ్లు తగ్గాయి గాని తూకం 34 గ్రాములు అలాగే ఉంది. కాబట్టి ఉత్తి 'పాళ్లు' అని వదలకుండా అణువుల పాళ్లో, బరువు పాళ్లో విడమరిచి చెప్పండి. ఆ తేడా 'నిష్పత్తి' అన్నా దానంతటది తెలియదు.

పరీక్షలో ఏం రాయించాలంటారా? దిద్దేవారి మనసు నాకు తెలియదు, అక్కడ నిష్పత్తే క్షేమం. తరగతిలో మాత్రం పాళ్లే వాడండి. "ఒకటికి మూడు" రెండు చోట్లా చెల్లుతుందని నా ఉద్దేశం, మీ పైవాళ్లు ఒప్పుకుంటే.