పాత భవనం కూల్చివేత: ఎక్కువ పాటా, తక్కువ టెండరా?

ప్రశ్న: మా మండల కేంద్రంలో శిథిలమైన ప్రభుత్వ భవనాన్ని కూల్చడానికి వేలం వేస్తే, పాడుకున్న వ్యక్తే ఎదురు డబ్బు కట్టాడు. పక్క పట్టణంలో అలాంటి పనికే టెండరు పిలిచి, గుత్తేదారుకు ప్రభుత్వమే డబ్బిచ్చింది. ఏది సరైన పద్ధతి?
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: రెండూ సరైనవే. కూల్చడానికయ్యే ఖర్చు కంటే అందులోంచి వచ్చే సామాను విలువ ఎక్కువైతే వేలం వేస్తారు, తక్కువైతే టెండరు పిలుస్తారు. పాతకాలపు కచేరీలలో, బడులలో టేకు దూలాలు, ద్వారబంధాలు, ఇనుప గర్డర్లు, పెంకులు ఉంటాయి కనుక వాటికి మంచి ధరే పలుకుతుంది. భవనం వాడకానికి పనికిరాదని ఇంజినీర్లు ధ్రువీకరించి, సామానుకు విలువ కట్టిన తరువాత ఆ విలువనే సర్కారువారి పాటగా పెడతారు. ధరావతు కట్టినవారు ఆపైన పాడాలి. హెచ్చు పాట పాడినంత మాత్రాన పని దక్కినట్టు కాదు, పై అధికారి ఆమోదిస్తేనే అది ఖాయమవుతుంది.

కాంక్రీటు భవనాల సంగతి వేరు. యంత్రాల అద్దె, శిథిలాల తరలింపు ఖర్చు ఎక్కువ కాబట్టి అక్కడ సాంకేతిక అర్హత చూసి, ఆపైన ధరల బిడ్లు తెరిచి, తక్కువ కోట్ చేసినవారికి పని ఇస్తారు. అయితే, ఇనుము ఎవరికి చెందుతుందో టెండరు షెడ్యూలులో స్పష్టంగా రాయకపోతే ఒకరు దాని విలువ మినహాయించుకొని, మరొకరు మినహాయించకుండా కోట్ చేస్తారు. అప్పుడు ఆ రెండు ధరలను పోల్చడంలో అర్థమే లేదు. కేంద్ర ప్రజాపనుల శాఖ ధరల పట్టికలోని కూల్చివేత పనుల్లో, పనికొచ్చే సామానును 50 మీటర్ల లోపల పేర్చి ఉంచడం కూడా కలిసే ఉంటుంది. అంటే వేరుగా చెప్పనంతవరకు ఆ సామాను శాఖదే.

కేరళలోని మరడులో సుప్రీంకోర్టు ఆదేశంపై 2020 జనవరి 11, 12 తేదీలలో పేలుడు పదార్థాలతో నేలమట్టం చేసిన ఎత్తైన నివాస సముదాయాల పనిని ముంబైకి చెందిన ఎడిఫిస్ ఇంజినీరింగ్, చెన్నైకి చెందిన విజయ్ స్టీల్స్ సంస్థలకు అప్పగించారు. అలాంటి పనిలో ధర కంటే అనుభవం చూడక తప్పదు.

మీ ఊరి వేలంలో నన్నడిగితే, పాట ఎంతకు పోయిందన్న దానికంటే ధరావతు ఎప్పుడు తిరిగిచ్చారన్నదే ముఖ్యం. కలప, ఇనుము తీసుకుపోయి, పునాదులను, మొండిగోడలను అలాగే వదిలేసే పాటదారులు లేకపోలేదు (ఆ శుభ్రం చేసే ఖర్చు మళ్లీ ప్రభుత్వం మీదే పడుతుంది). కనుక పునాది తవ్వి, నేల చదును చేసేదాకా ధరావతు విడుదల కాదన్న షరతు ఒప్పందంలో ఉందో లేదో చూడండి. విలువ కట్టిన నివేదిక, పాటల పట్టిక, ఒప్పందం ప్రతి కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు; మండల స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము 5 రూపాయలే, జవాబుకు గడువు 30 రోజులు.