కెర్నల్ మెమరీ కొలతలతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. బరంపురంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పాత లాప్‌టాప్‌లో లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి భాగం) మెమరీ సెట్టింగులు మారుస్తూ వేగం కొలుస్తుంటాను. మెమరీ నిండినప్పుడు ఏ పేజీలను (మెమరీ ముక్కలను) తీసేయాలో ఎంచుకునే మల్టీ-జెన్ ఎల్‌ఆర్‌యూ పద్ధతిని ఆన్ చేశాక కెర్నల్ కంపైల్ 21 నిమిషాల నుంచి 18కి తగ్గింది. ఇవన్నీ మాని విశాఖలో వెబ్ కోర్సులో చేరమని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ మూడు నిమిషాల సంగతి తేల్చుకుందాం. రెండోసారి కంపైల్ చేసేసరికి సోర్సు ఫైళ్లు చాలావరకు పేజ్ క్యాష్‌లో, అంటే డిస్కు నుంచి చదివినవాటిని మెమరీలో దాచే చోట, ఉంటాయి. ఏ సెట్టింగూ ముట్టుకోకపోయినా పని త్వరగా అయిపోవచ్చు. పాతది ముందు, కొత్తది తర్వాత నడిపి ఉంటే ఆ లాభాన్ని ఎవరి ఖాతాలో రాస్తారు? పైగా మే నెల ఎండకు మీ లాప్‌టాప్ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. మధ్యాహ్నం ఒకటి, అర్ధరాత్రి ఒకటి నడిపితే కొలిచింది కెర్నల్‌ను కాదు, వాతావరణాన్ని!

మల్టీ-జెన్ ఎల్‌ఆర్‌యూ 2022 డిసెంబరులో లినక్స్ కెర్నల్ 6.1 వెర్షన్‌తో వచ్చింది. రీబూట్ లేకుండానే ఆన్, ఆఫ్ చేయవచ్చు కాబట్టి ఒకే కెర్నల్‌పై పాత, కొత్త, పాత, కొత్త అని మార్చి మార్చి నడపండి. ప్రతిసారీ క్యాష్ ఖాళీ చేయండి. చార్జర్ తీయకండి, ప్రాసెసర్ వేగాన్ని స్థిరంగా ఉంచండి. సగటు ఒక్కటే రాస్తే చాలదు. ఒకే సెట్టింగుతో నడిపినప్పుడే రెండు నిమిషాల తేడా వస్తుంటే, మీ మూడు నిమిషాలకు విలువ తక్కువ. ఇంకో మాట: మెమరీకి కొరత రాకపోతే పేజీలను బయటకు పంపే కోడ్‌కు పెద్దగా పనే ఉండదు. ప్రోగ్రాములు వాడే వనరులకు హద్దు పెట్టే సీగ్రూప్‌తో మెమరీకి పరిమితి పెట్టి చూడండి. కెర్నల్ మెమరీ లెక్కలుండే /proc/vmstat ఫైలులో మేజర్ ఫాల్టులు (పేజీ కోసం డిస్కు దాకా వెళ్లాల్సి రావడం), రీఫాల్టులు (తీసేసిన పేజీ మళ్లీ కావాల్సి రావడం) తగ్గాయా? అవి అలాగే ఉండి సమయం మాత్రమే తగ్గితే కారణం మరోచోట వెతకాలి.

ఇక ఉద్యోగం. ఆండ్రూ మార్టన్ నిర్వహించే లినక్స్ కెర్నల్ మెమరీ విభాగానికి వేగం పెరిగిందంటూ ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపితే అంకెలు అడుగుతారు. ఇంటెల్ టెస్ట్ రోబో వేగం ఎక్కడ పడిపోయిందో పట్టేస్తుంది కానీ, ఎందుకు పడిపోయిందో తవ్వి తీయడానికి మనిషి కావాలి. చిప్, ఫోను, క్లౌడ్ కంపెనీలు అలాంటివారిని తీసుకుంటాయి. అయితే కొత్తవాళ్లకు ఖాళీలు తక్కువ, క్యాంపస్ నియామకాల్లో ఇవి అరుదు. ఈ విషయంలో నాన్నగారి భయం సబబే. ఇంట్లో వెంటనే సంపాదన అవసరమైతే వెబ్ కోర్సు చేయండి, తప్పేమీ లేదు. ఏడాదో రెండేళ్లో ఆగగలిగితే మాత్రం నా ఓటు ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షకే. ఆపరేటింగ్ సిస్టమ్స్ ఆ సిలబస్‌లోనే ఉంది, ఎంటెక్‌లో ఇదే పని కొనసాగించవచ్చు.

ఈలోగా కెర్నల్ డెవలపర్ మెల్ గోర్మన్ రాసిన ఎంఎంటెస్ట్స్ అనే వేగ పరీక్షల సంపుటిని నడపడం నేర్చుకోండి. స్క్రిప్టులనూ, ముడి ఫలితాలనూ, నష్టం వచ్చిన పరీక్షలతో సహా, గిట్‌లో పెట్టండి. నేను ఇంటర్వ్యూ చేస్తే మొదట ఆ నష్టాల పట్టికే తెరుస్తాను. లినక్స్ ఫౌండేషన్ మెంటర్‌షిప్‌కు రాయగడ నుంచే దరఖాస్తు చేయవచ్చు. అక్కడ అంతా ఇంగ్లిష్‌లో రాతకోతలే కాబట్టి, మీ తొలి నివేదికను ఒక పేజీలో రాసి మీ లెక్చరర్‌తో దిద్దించుకోండి.