బుజ్జీ, ఆ నల్లబిళ్ళ సంగతి

బుజ్జీ,

పండగలకు ఇచ్చిన డబ్బులన్నీ దాచుకుని టెలిస్కోపు కొంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పగలంతా ఎదురైన ప్రతివాడికీ చెప్పుకుని మురిసిపోయాను. రాత్రికి టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

పెట్టె మీద 525 రెట్లు పెద్దగా చూపిస్తుందని వేసినవి ముట్టుకోకు. చూడాల్సింది ముందున్న కటకమో అద్దమో ఎంత వెడల్పు అని. మిల్లీమీటరుకు రెండు రెట్ల లెక్కన, 60 మి.మీ. గొట్టంలో 120 దాటితే మిగిలేది మసకే. స్టాండు వణికితే చంద్రుడూ వణుకుతాడు. ఆరంగుళాల అద్దంతో డాబ్సోనియన్, అంటే నేలమీది పెట్టెలాంటి స్టాండు మీద తిరిగే టెలిస్కోపు, మంచిదే, కానీ బరువు. మీ మూడో అంతస్తు నుంచి డాబా మీదికి రోజూ ఎవరు మోస్తారు, నేనా? అయిదంగుళాలది, బల్ల మీద పెట్టుకునేది చాలు. నెబ్యులాలు, అంటే అంతరిక్షంలోని ధూళి, వాయువు మేఘాలు, ఫోటోల్లోలా రంగురంగులుగా కనపడవు, బూడిద మరకల్లా ఉంటాయి. ఏడవకు.

ఇక అసలు సంగతి. 1995 అక్టోబరు 24, సూర్యగ్రహణం. మాకు పాక్షికమే. నా మొదటి జీతంతో కొన్న గొట్టంతో పాటు రూపాయి బిళ్ళంత నల్ల గాజు ఒకటి వచ్చింది, ఐపీస్‌కి, అంటే కన్ను ఆనించే కటకానికి, బిగించి సూర్యుణ్ణి చూడొచ్చని. బిగించాను. చూస్తున్నాను. పక్కన పదకొండేళ్ళ మీ నాన్న, "అన్నయ్యా, నా వంతు" అని చొక్కా పట్టుకు లాగుతున్నాడు. ఇంతలో మెట్ల కిందనుంచి మీ నానమ్మ, "గ్రహణం పూట డాబా మీద ఏం పనిరా, దిగండి!" అని కేక. విసుక్కుంటూ తల తిప్పాను. టప్‌మంది. బిళ్ళ అడ్డంగా చీలింది, వెలుగు గచ్చు మీద తెల్లగా పడింది. క్షణం ముందు అక్కడ నా కన్ను ఉంది. ఇంకో క్షణమైతే వాడిది ఉండేది.

భూతద్దంతో కాగితం కాల్చావుగా, అదే ఇదీ. ముందు కటకం పోగేసిన ఎండంతా ఆ బిళ్ళ దగ్గరికే వచ్చి చేరుతుంది. సూర్యుణ్ణి చూడాలంటే ఎండను ఆపే ఫిల్టర్, గొట్టం ముందు నోటికి, మొత్తం కప్పేసేలా, గాలికి ఊడకుండా ఉండాలి. అదీ నేను వచ్చాకే. గురి చూసుకునే ఫైండర్‌కి మూత పెట్టడం మర్చిపోకు, అదీ చిన్న టెలిస్కోపే.

నీ పెట్టెలో అలాంటి నల్లబిళ్ళ వస్తే గుడ్డలో చుట్టి సుత్తితో పగలగొట్టి, ఫోటో పంపు.

ఆ రోజు వంతు ఇవ్వలేదని మీ నాన్న ఇప్పటికీ దెప్పుతాడు. ఎందుకివ్వలేదో వాడికి చెప్పలేదు.

మీ పెదనాన్న