న్యూస్ రీడర్ కావాలంటే డెస్కు మీదుగా వెళ్లడమే మేలు

ప్రశ్న: మాది జగిత్యాల. మా అమ్మాయి బీఏ ఆఖరి సంవత్సరంలో ఉంది. టీవీలో వార్తలు చదవాలన్నది ఆమె కోరిక, బీఈడీ చేయించాలన్నది నా ఆలోచన. హైదరాబాద్‌లో ఒక శిక్షణ సంస్థ వారు మూడు నెలల్లో యాంకరును చేసి ఉద్యోగం ఇప్పిస్తామని ఎనభై వేలు అడుగుతున్నారు. మా యాస పనికిరాదని కూడా అన్నారట. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ ఎనభై వేలు కట్టకండి. ఉద్యోగం ఇచ్చేది చానల్ కానీ శిక్షణ సంస్థ కాదు. కెమెరా ముందు కూర్చోవడం, ప్రాంప్టర్ (వార్త అక్షరాలు కదులుతూ కనిపించే తెర) చూసి చదవడం వంటివి చానల్లో చేరాక కొద్ది వారాల్లోనే అలవాటవుతాయి. వాటి కోసం ముందే అంత సొమ్ము పోయనవసరం లేదు.

హైదరాబాద్ దూరదర్శన్‌లో 1983 నవంబరు 14న తెలుగు వార్తలు మొదలైనప్పుడు తొలి న్యూస్ రీడరైన శాంతి స్వరూప్ గారు, ప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో కాగితం మీది వార్తలను కంఠస్థం చేసి చదివేవారు. 2011లో పదవీ విరమణ పొందేదాకా ఆయన దూరదర్శన్‌లోనే ఉన్నారు. ఒకే సంస్థలో అలా స్థిరపడే వీలు ఇప్పటి ప్రైవేటు చానళ్లలో తక్కువ. పని తీరు కూడా మారిపోయింది. 2004లో టీవీ9 వచ్చిన దగ్గర్నుంచి ఇరవై నాలుగు గంటల వార్తలు మనకు మామూలయ్యాయి కనుక, రాసిపెట్టిన బులెటిన్‌ను తప్పు లేకుండా చదివితే చాలునన్న కాలం పోయింది.

ఇప్పుడు యాంకరు కుర్చీలో ఏం జరుగుతుందో చూడండి. హైకోర్టు తీర్పు వార్త చదువుతుండగానే చెవిలోని ఇయర్‌పీస్‌లో పీసీఆర్ (ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్) నుంచి ప్రొడ్యూసర్ ‘వరంగల్ రిపోర్టర్ ఫోనోలో (ఫోన్ లైన్‌లో) ఉన్నాడు, తీసుకో’ అంటారు. నోరు ప్రాంప్టర్ మీది వాక్యాన్ని తడబడకుండా ముగించాలి, చెవి ఆ మాట వినాలి, ఈలోగా రిపోర్టరును అడగవలసిన ప్రశ్న మనసులో సిద్ధం కావాలి. మధ్యలో లైన్ తెగిపోతే, స్టే ఇవ్వడానికీ పిటిషన్ కొట్టివేయడానికీ తేడా తెలిసినవారు రెండు నిమిషాలు విషయం చెప్పి నిలబడతారు, తెలియనివారు చెప్పిందే చెబుతారు. ఆ తేడా వార్తలు రాసిన అనుభవం నుంచి వస్తుంది. అందుకే మీ అమ్మాయి మొదట సబ్ ఎడిటరుగా డెస్కులో (వార్తలు రాసి, దిద్దే విభాగంలో) చేరి, వార్తల కాపీ రాస్తూ, దృశ్యాల వెనుక వినిపించే వాయిస్ ఓవర్లు చెబుతూ, ఆ తర్వాత స్క్రీన్ టెస్టుకు వెళ్లడం మంచిది. స్క్రీన్ మీద అవకాశం తగ్గిన రోజున కూడా రాయగలిగిన మనిషికి డెస్కులో కుర్చీ ఉంటుంది. 2023లో ఒడియా చానల్ ఓటీవీ ‘లిసా’ అనే కృత్రిమ మేధ యాంకరును తెరపైకి తెచ్చింది. కేవలం చదవడమే పనైతే అది యంత్రానికీ చేతనవుతుంది.

యాస విషయంలో ఆ సంస్థ వారి మాటతో నేను ఏకీభవించను. వీ6 తీన్మార్ వార్తలకు తెలంగాణ మాటే ప్రాణం. అయితే మామూలు బులెటిన్ భాష వేరు కాబట్టి, ఇంటి మాట వదులుకోకుండానే దాన్నీ పట్టుబడేలా చేసుకోవాలి. ‘శాసన మండలి’లో శ, స రెండూ వేర్వేరుగా వినిపించాలి. రోజూ ఒక సంపాదకీయం పైకి చదివి ఫోనులో రికార్డు చేసి వినమనండి. రూ.1,46,850 కోట్లు వంటి అంకె ఎదురైనప్పుడు ఆగకుండా చదవగలుగుతోందా లేదా అన్నది మీరే పక్కన కూర్చుని గమనించవచ్చు.

తండ్రిగా మీరు తెలుసుకోవలసిన ఇబ్బందులు కూడా ఉన్నాయి. ఉదయం బులెటిన్ పడితే తెల్లవారకముందే ఆఫీసులో ఉండాలి. పండగ సెలవులు నమ్మకం లేదు. తెర మీద బాగా కనిపించే కొద్దిమందిని పక్కన పెడితే, మొదట్లో జీతాలు హైదరాబాద్ హాస్టల్ ఖర్చు పోను పెద్దగా మిగలవు. చీర గురించీ రంగు గురించీ ఆన్‌లైన్‌లో రాసే వెకిలి వ్యాఖ్యలు మగ యాంకర్ల కంటే ఆడపిల్లలకే ఎక్కువ. వయసు పెరిగిన మహిళను తెర నుంచి తప్పించే అలవాటు మన చానళ్లలో ఇంకా పోలేదు. ఇది అన్యాయమే, కానీ అమ్మాయికి ముందే తెలిసి ఉండాలి.

డిగ్రీ పూర్తికాగానే ఈనాడు జర్నలిజం స్కూలు ప్రవేశ పరీక్ష రాయించండి. అక్కడ ఎంపికైనవారు ఫీజు కట్టనవసరం లేదు సరికదా, శిక్షణ కాలంలో స్టైఫండ్ కూడా ఇస్తారు. అది రాకపోతే ఉస్మానియాలో జర్నలిజం పీజీ ఉంది. పీజీ చేస్తూనే ఆకాశవాణి ప్రాంతీయ వార్తా విభాగం క్యాజువల్ న్యూస్ రీడర్ల కోసం ఇచ్చే ప్రకటనలు గమనిస్తూ ఉండాలి. అనువాద పరీక్ష, స్వర పరీక్ష రెండింటికీ సిద్ధమైతే ఆ సాధన చానల్ ఇంటర్వ్యూకూ పనికొస్తుంది. బీఈడీ సంగతి అంటారా, దాని ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ ఏటా జరిగేదే కాబట్టి రెండు మూడేళ్లు ఆగి చూసినా ఆ దారి మూసుకుపోదు.